ఖాళీలు కోసేసిన పాఠం

ఏడో తరగతిలో మా లెక్కల అయ్యవారు నన్ను లేపి ఒక లెక్క అడిగినాడు. నేనింకా ఆలోచిస్తానే ఉండాను.

మైకు చేతికొస్తే నేను మొదట చెప్పే మాట ఇదే. మదనపల్లె పెండ్లి పందిళ్లలో, పుంగనూరు ఉరుసులో, చర్చి వార్షికోత్సవాల్లో, అందరూ "హలో, మైక్ టెస్టింగ్" అనే చోట నేను ఈ మాట వదిలేవాణ్ణి. జనం నవ్వితే మైకు పనిచేస్తున్నట్టు. నవ్వకపోతే వైరు ఎక్కడో తెగినట్టు. జోకు బాగలేదేమో అనే అనుమానం నాకెప్పుడూ రాలేదు. పోయి వైరే చూసుకునేవాణ్ణి.

బడి మానేసినాక నన్ను చేరదీసింది బస్టాండు వెనక మైకుసెట్ల సాయిబు. ఆయన దగ్గర పదేండ్లు డబ్బాలు మోసి, వైర్లు చుట్టి, తర్వాత నా సొంత అంగడి పెట్టుకున్నాను. సాయిబు నేర్పిన పాఠం ఒకటే. మైకు మూగబోకూడదు. వక్త నీళ్లు తాగేటప్పుడు గూడా ఏదో ఒక పాట తగిలించాల. నిశ్శబ్దం వచ్చిందంటే జనమంతా వెనక్కి తిరిగి మైకుసెట్టు వాడి మొగం చూస్తారు. ముప్పై ఏండ్లుగా నేను చేసిన పనంతా నా మొగం ఎవరూ చూడకుండా చేసుకోవడమే.

ఇట్లాంటివాణ్ణి ఒక బడివాళ్లు పిలిచి అయ్యవార్లకు పాఠం చెప్పమన్నారు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊర్లలోనూ ఒకే యాజమాన్యం నడిపే ప్రైవేటు బళ్లు మూడున్నాయి. కరోనా పోయినాక మూడింటికీ గోడకు తగిలించే ప్యానళ్లు తెచ్చినారు. తలుపు రెక్కంత ఫోను అనుకోండి. వాటికి స్పీకర్లు బిగించింది నేనే. లెక్కలకూ సైన్సుకూ కంప్యూటర్ సారు నేర్పినాడు గానీ, పాటల టీచర్ల దగ్గరికొచ్చేసరికి "మైకులూ శ్రుతులూ నా వల్ల కాదు" అని తప్పుకున్నాడు. అప్పుడు ఆఫీసు సారు, అంటే మూడు బళ్లకూ పైన ఉండే ఆయన, నన్ను పిలిచి అడిగినాడు.

"ఏం చదువుకున్నావు?"

"ఏడు సార్."

ఆయన ఇంకో చేత్తో ఫోన్ చూసుకుంటా, "ఏడేండ్ల అనుభవం" అని రాసుకున్నాడు. నేను దిద్దలేదు. ఆ కాగితంలో నాకు ఇప్పటికీ ఏడేండ్ల అనుభవమే. మెడలో "ట్రైనర్" అని ఒక కార్డు వేసినారు. ఇంటికి పోతే మా ఆవిడ ఆ కార్డును తిరగేసి మరగేసి చూసి, "మున్సిపాలిటీవాళ్లు గూడా కుక్కలకు ఇట్లనే వేస్తారంట, పట్టుకోకుండా వదిలేసేదానికి" అనింది.

శిక్షణ ఒక శనివారం మదనపల్లె బళ్లో. వచ్చింది ఇద్దరే. పుంగనూరు బడి నుంచి కీబోర్డు సారు. ఆదివారం చర్చిలో వాయిస్తాడు, మిగతా దినాలు పిల్లోళ్లకు చెప్తాడు. కుప్పం నుంచి పాట టీచరమ్మ. అరవైకి దగ్గర పడిన మనిషి, నేను అమ్మా అనే పిలిచేవాణ్ణి. భుజానికి గుడ్డసంచి, సంచిలో శ్రుతిపెట్టె. మదనపల్లె బళ్లో పాట చెప్పేవాళ్లెవరూ లేరు. ఉన్నామె పెండ్లి చేసుకుని వెళ్లిపోయింది. అసలు ఈ యవ్వారం మొదలైందే అందుకు. కుప్పంలో అమ్మ చెప్పే పాఠాన్ని వీడియో తీసి మదనపల్లె పిల్లోళ్లకు చూపించాల. మంచి ఆలోచనే. నేనూ మంచిదే అనుకున్నాను.

మైకు పట్టుకుని నా లెక్కల అయ్యవారి జోకు చెప్పినాను. కీబోర్డు సారు బాగా నవ్వినాడు. అమ్మ నవ్వలేదు. నేను వైరు వైపు చూసినాను.

"ఎంతసేపు ఆగినాడప్పా?" అనింది.

"ఎవరమ్మా?"

"మీ అయ్యవారు. నిన్ను లేపి లెక్క అడిగినాక, ఎంతసేపు ఆగినాడు?"

ఈ జోకు ఎన్ని వందలసార్లు చెప్పినానో, ఎవరూ ఈ మాట అడగలేదు. "యాడమ్మా, పది లెక్కపెట్టేంత. ఆపైన, ఈడు ఆలోచించేలోపల ఎండాకాలం సెలవులొస్తాయిరా, కూర్చో అన్నాడు. అందరూ పగలబడి నవ్వినారు."

"నువ్వు?"

"నేనే అందరికంటే గట్టిగా నవ్వినా. ఆ సెలవుల తర్వాత మళ్లా పోలేదు."

ఆమె తల ఊపి సంచి కింద పెట్టింది. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి వచ్చింది. ప్యానల్ ముందుకు పోయి, కింది అంచును వేళ్లతో తాకి కండ్లకద్దుకుంది. శ్రుతిపెట్టెను, వీణను, పుస్తకాన్ని, ఏది ముట్టుకుని పాఠం మొదలుపెట్టినా పాటవాళ్లు చేసే పనే అది. ప్యానల్‌కు ఆ సంగతి తెలియదు గదా. వేలు తగిలితే దానికి హుకుం. వెంటనే వాతావరణం బొమ్మ తెరిచి మబ్బులు చూపించింది.

"మీరు మొక్కితే వానొస్తాందమ్మా" అన్నాను.

నేను దాన్ని మూసి, మళ్లా మొదటినుంచి రమ్మన్నాను. ఆమె వచ్చింది, తాకింది, కండ్లకద్దుకుంది. ఈసారి కాలిక్యులేటర్ వచ్చింది.

"సూడండి, మా లెక్కల అయ్యవారు ఈడికి గూడా వచ్చేసినాడు! అమ్మా, దానికి మొక్కద్దు. అది దేవుడనుకోదు, వేలనుకుంటాది."

"నేను మాత్రం దేవుడనుకున్నానా నాయనా? అలవాటు. చెయ్యి దానంతటదే పోతాది." ఆమెకు సిగ్గేసింది. మూడోసారి చేతులు వెనక్కి కట్టుకుని ప్యానల్ ముందు నిలబడింది. అట్ల నిలబడితే నోట్లోంచి స్వరం రాలేదు. గొంతు సవరించుకుంది, మళ్లీ సవరించుకుంది.

నేను పోయి మందుల అంగట్లో తెల్ల ప్లాస్టర్ తెచ్చి, ప్యానల్ చట్రానికి, అద్దం లేని చోట ఒక ముక్క అంటించి, దాని మీద స్కెచ్‌పెన్నుతో "ఈడ మొక్కండి" అని రాసినాను. ఆమె చదివి, ఆ రోజు మొదటిసారి నవ్వింది. కుప్పం ప్యానల్‌కు గూడా ఒక ముక్క కావాలనింది. రాసిచ్చినాను. ఆ మూడు బళ్లలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

తర్వాతది శ్రుతి. పెట్టెలో అయితే అంకెలుంటాయి. ఆమెది అయిదున్నర. ప్యానల్లోని శ్రుతిలో అన్నీ ఏబీసీడీలు.

"అయిదున్నర యాడుండాదప్పా దీంట్లో?"

"జీ అమ్మా. ఉత్త జీ కాదు, పక్కన చిన్న ముగ్గేసుంటాది సూడండి, ఆ జీ."

ఆ ముగ్గు గుర్తును ఏమంటారో నాకూ తెలియదు, ఆమె అడగలేదు. నోటుబుక్కు తీసి, "అయిదున్నర = జీ + ముగ్గు" అని రాసుకుంది. ఆ నోటుబుక్కు తర్వాత చాలాసార్లు చూసినాను. "ఎర్ర దీపం తెల్లగా అయ్యేదాకా ముట్టుకోరాదు." "బాణం గుర్తు నొక్కితే వెనక్కి. కంగారుపడరాదు." "నీలంది మనది కాదు." మూడు నెలల్లో ఆ పుస్తకం సగం నిండింది. వారానికి రెండుసార్లు ఫోన్ చేసేది. "అప్పా, పసుపు బొమ్మ యాడికో పోయింది" అనేది, పిల్లి తప్పిపోయినట్టు. నేను తమాషాగా ఏదో అంటే, నవ్వి, మళ్లా అడిగేది. విసుక్కోకుండా నేర్చుకుంది. కీబోర్డు సారు కంటే ముందు నేర్చుకుంది. ఆమె అంత శ్రద్ధగా నేర్చుకోకపోయుంటే, వీడియోలు తీసే పని లేకుండా ఉండును.

వీడియో తీసేదానికి కుప్పం పోయినాను. పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి పోయేసరికి బళ్లో రెండో గంట కొట్టినారు. తీసే ముందు ఆమె క్లాసు ఒకసారి చూస్తానన్నాను. కెమెరా యాడ పెట్టాలో తెలియాల గదా.

చాపల మీద మూడు వరసల్లో పిల్లోళ్లు. ఆమె ప్లాస్టర్ ముక్కకు మొక్కి, శ్రుతి పెట్టి, కూర్చుంది. ఒక వరస స్వరాలు పాడుతుంది, ఆపుతుంది. పిల్లోళ్లు అదే వరస తిరిగి పాడతారు. మళ్లీ ఒకటి పాడుతుంది, ఆపుతుంది. ఇంతే పాఠం. ఒక సంగతి మాత్రం నాకు వింతగా అనిపించింది. పిల్లోళ్లు పాడేసినాక గూడా ఆమె వెంటనే అందుకోదు. ఇంకా ఆగే ఉంటుంది. తొడ మీద అరచేత్తో మెల్లగా తాళం వేస్తా, పైకి, ఫ్యాన్ వైపు చూస్తా ఉంటుంది. ముప్పై ఏండ్ల అలవాటు, చెయ్యి ఏదో ఒక బటన్ కోసం వెతుక్కుంది.

క్లాసు అయినాక అడిగినాను. "అంతసేపు ఫ్యాన్ యాల చూస్తారమ్మా? కరెంటు పోతాదనా?"

"కిటికీ పక్క మూలన ఒక పాపుండాది సూసినావా? ఆరో తరగతి. నోరు కదుల్తాది, గొంతు రాదు. ఆ పాప కోసం."

"మరి పాప వైపు చూడాల గదా?"

"సూస్తే ముడుచుకుంటాదప్పా. సూడకుండా ఎదురుసూడాల." శ్రుతిపెట్టె మూత వేస్తా అనింది, "రెండేండ్లయింది. పోయిన శుక్రారం ఒక 'ప' వచ్చింది. ఒకటే. నేనేమీ అనలా, ఇననట్టే ఉండిపోయినా. అంటే మళ్లా లోపలికి పోతాది."

"అంటే ఇంకా ఆరు స్వరాలుండాయన్నమాట."

"ఆరుండాయి" అనింది నిజంగానే లెక్కపెట్టినట్టు. "ఖాళీ ఇస్తాంటే వస్తాయి."

మధ్యాన్నం గది ఖాళీ చేయించినాము. పిల్లోళ్ల చప్పుడు వీడియోలో పడకూడదని ఆఫీసు సారు గట్టిగా చెప్పినాడు. ఫ్యాన్ ఆపినాను, కాలరు మైకు ఆమె చీర కుచ్చెళ్ల పక్కన కాకుండా భుజం దగ్గర పెట్టుకోమన్నాను. ఖాళీ చాపలు అట్లనే పరిచి ఉన్నాయి. ఆమె మొక్కింది, శ్రుతి పెట్టింది, ఒక వరస పాడింది. ఆపింది.

నేను కెమెరా వెనక నిలబడి, ఏమైందో అని చూసినాను. ఆమె ఫ్యాన్ వైపు చూస్తా తాళం వేస్తోంది. పిల్లోళ్లు పాడి ముగించేంతసేపు ఆగి, ఇంకా కొంచెంసేపు ఆగి, "ఊఁ, మళ్లీ" అని ఇంకో వరస అందుకుంది. రెండు వరసల తర్వాత మూలకు ఒక మాట వదిలింది, "నోరు తెరువు పాపా, ఎవరూ సూడరు." ఖాళీ మూలకు. పాఠమంతా అట్లనే చెప్పింది. ఒక్క ఖాళీ గూడా తగ్గించలేదు.

పెట్టె మూసినాక నేను ఆగలేకపోయినాను. "అమ్మా, ఈడ ఎవరూ లేరు. చాపలకు చెప్తాండారా పాఠం?"

"నీకు కనపడకపోతే ల్యాకపోతారా? రేపు ఆ పక్క సూస్తారు గదా పిల్లోళ్లు. వాళ్లు పాడేదానికి సందు ఉండాల గదప్పా?"

ఇంత వివరంగా చెప్పింది. చెవులతో బతికేవాణ్ణి, విన్నాను. విని అంగడికొచ్చినాను.

పాఠం ఇరవై మూడు నిమిషాలుంది. ఆఫీసు సారు పది దాటకూడదన్నాడు. "పది దాటితే పిల్లోళ్లు చూడరయ్యా, ఇప్పటి పిల్లోళ్లు." ల్యాప్‌టాప్‌లో వీడియో ఎక్కిస్తే చిన్న ప్రశ్న ఒకటి వచ్చింది, నిశ్శబ్దం ఉన్న చోట్లన్నీ తీసేయమంటావా అని. చదువుకున్న మిషన్లు నన్నింత మర్యాదగా అడగడం అరుదు. తీసెయ్యి అన్నాను. ఒకే నొక్కు. తొమ్మిది నిమిషాలయింది.

వెనక సన్నగా మోగే శ్రుతి, తొడ మీద వేసే తాళం, రెండూ మెల్లనివి, మిషన్‌కు అవీ నిశ్శబ్దమే. అవీ పోయినాయి. మాటలు మాత్రం మిగిలినాయి, మాట చప్పుడే గదా. ఇప్పుడు వింటే ఎట్లుందంటే, స్వరాల వరస, ఊఁ మళ్లీ, స్వరాల వరస, నోరు తెరువు పాపా, స్వరాల వరస, ఇంకోసారి, ఎవరూ సూడరు, స్వరాల వరస. ఊపిరి తీసుకునే సందు లేదు. నోరు తెరవమని గద్దిస్తా, తెరిచేలోపల మీద పడిపోయే మనిషి మాదిరి ఉంది. నాకు పడీ పడీ నవ్వొచ్చింది. టీచర్ల వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టి కింద రాసినాను, "కుప్పం టు మదనపల్లె నాన్‌స్టాప్. మధ్యలో యాడా ఆగదు. ఎక్కేవాళ్లు ఎక్కలేరు, దిగేవాళ్లు దిగలేరు."

ఎన్ని నవ్వు బొమ్మలు వచ్చినాయో. ఆఫీసు సారు గూడా ఒకటి పెట్టినాడు. ఆమె రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. నాకు పెట్టిన దండమనుకుని మురిసిపోయినాను. అదే వారం కుప్పం తిరిగి తిరిగి మిగతావీ తీసి, ఆ బటన్‌తోనే, మొత్తం పద్దెనిమిది పాఠాలు కోసినాను. ల్యాప్‌టాప్ నిండిపోయి ఒక పెండ్లి వీడియో ఎక్కలేదు. కొయ్యక ముందటి పాఠాలన్నీ తుడిచేసి పెండ్లి ఎక్కించినాను.

మదనపల్లె పిల్లోళ్లు ఆ వీడియోలు చూసినారు. ఆమెను వాళ్లు ఎప్పుడూ చూడలేదు, వాళ్లకు ఆమె నాన్‌స్టాప్ టీచర్. ఆ పేరు పుంగనూరుకు పోయింది. కీబోర్డు సారు ఒకరోజు ఫోన్ చేసి, "నువ్వు పెట్టిన పేరు మా కాడ పిల్లోళ్లు నోట్‌బుక్కుల మీద రాస్తాండారప్పా. ఆమె పాఠం అట్లుండదని నీకు తెలుసు గదా" అన్నాడు. నేనేదో తిప్పికొట్టినాను. ఎండాకాలం సెలవుల్లోపల ఆ పేరు కుప్పం చేరింది. ఆమె సొంత పిల్లోళ్ల దగ్గరికి.

సెలవుల్లో ఆఫీసు సారు కొత్త ఏడాదికి టైంటేబుల్ వేసినాడు. వీడియోలు ఉన్నాయి కాబట్టి కుప్పంలో గూడా పాట పీరియడ్‌కు వీడియోనే. ఆటల సారు చూసుకుంటాడు. కీబోర్డు సారును ప్రార్థన వాయించేదానికి ఉంచుకున్నారు. అమ్మను రావద్దన్నారు.

ఆమె నాకు ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు. "అప్పా, నువ్వు కొయ్యక ముందుది, పూర్తి పాఠం, ఒకటి పంపు. సోమారం సారును కలస్తాండాను. ఆయన సూసింది పాట. పాఠం ఎట్లుంటాదో సూపిస్తా. అదొకటి సూస్తే అర్థమైతాది."

తుడిచేసినానని ఆ క్షణం చెప్పాల్సింది. "వెతుకుతానమ్మా" అన్నాను. రెండు దినాలకు మళ్లా చేస్తే, "హార్డ్‌డిస్కు బెంగళూరుకు పంపినా, బాగుచేసేదానికి" అన్నాను. ఆ తర్వాత రోజూ అడిగేది, చుట్టాన్ని అడిగినట్టు, "వచ్చిందా బెంగళూరు నుంచి?" వస్తాండాది అమ్మా, దోవలో ఉండాది అమ్మా. దానికి జ్వరం గూడా వచ్చిందని చెప్పినాను, నవ్వించేదానికి. ఆమె నవ్వింది. నమ్మింది గాబట్టి నవ్వింది.

సోమవారం కుప్పం నుంచి మొదటి బస్సుకు వచ్చింది. మదనపల్లె బస్టాండులో నేను ఎదురుపోయినాను. గుడ్డసంచిలో శ్రుతిపెట్టె తెచ్చుకుంది. నోటుబుక్కు గూడా.

"లేవమ్మా" అన్నాను. "బెంగళూరు లేదు, ఏమీ లేదు. ఆ వారమే తుడిచేసినా."

ఆమె నా మొగం చూసింది. జనమంతా వెనక్కి తిరిగి చూసినట్టే ఉంది, ఒక్క మనిషి చూసినా. తర్వాత సంచి భుజం మార్చుకుని, "పోనీలే. నేనుండాను గదా. ఈడి పిల్లోళ్లను ఒక పదిమందిని కూర్చోబెడితే పాడి సూపిస్తా" అనింది.

ఆఫీసులో పిల్లోళ్లను కూర్చోబెట్టే తీరిక ఎవరికీ లేదు. సారు మర్యాదస్థుడే, కుర్చీ చూపించినాడు, నీళ్లిప్పించినాడు. "మీ పాఠం చూసినానమ్మా, బ్రహ్మాండం" అని తన కంప్యూటర్‌లో పెట్టినాడు.

"సారూ, దీంట్లో పిల్లోళ్లు ల్యారు."

"అక్కడ ఉంటారు గదమ్మా, చూసేవాళ్లు."

"పాడాల సారూ వాళ్లు. పాడేదానికి ఖాళీ ఇయ్యాల."

"ఖాళీ ఇచ్చేదానికి మనిషెందుకమ్మా? పాజ్ బటనుంది."

అదే సమయానికి కంప్యూటర్లోంచి ఆమె గొంతు, "ఊఁ మళ్లీ, నోరు తెరువు పాపా, ఎవరూ సూడరు" అని ఉరుకుతా పోయింది. సారుకు నవ్వు ఆగలేదు. ఆమె ముందర ఆపుకుందామని చూసినాడు, కాలేదు. నా వైపు తిరిగి, "నాన్‌స్టాప్!" అన్నాడు.

నేను నవ్వినాను.

ఎందుకు నవ్వినావంటే చెప్పేదానికేమీ లేదు. ఎవరైనా నన్ను చూసి నవ్వుతా ఒక మాట వేస్తే, తిరిగి నవ్వడం తప్ప నాకింకేమీ రాదు. ఆమె సారును చూడలేదు, నన్ను చూసింది. శ్రుతిపెట్టె సంచిలోంచి సగం బయటికి తీసి ఉంది. దాన్ని లోపలికి తోసి, లేచి, దండం పెట్టి వెళ్లిపోయింది. నేను వెనకే పోలేదు. బస్టాండు దాకా పోయుంటే దోవలో ఏదో ఒక జోకు వేసుండేవాణ్ణి. అది నాకు తెలుసు.

మళ్లా కుప్పం పోయింది చలికాలంలో. ప్యానల్ స్పీకరులో గరగర వస్తోందని పిలిచినారు. పాట పీరియడ్ జరుగుతాంటే పోయినాను. పిల్లోళ్లు ఇప్పుడు బెంచీల మీద కూర్చున్నారు. చాపలు తీసేసినారు. ఆటల సారు తలుపు దగ్గర కుర్చీలో ఫోన్ చూసుకుంటున్నాడు. ప్యానల్లో అమ్మ పాడుతోంది, గద్దిస్తోంది, పాడుతోంది. ఎవరూ పాడడం లేదు. అల్లరి గూడా చేయడం లేదు. ఊరికే చూస్తున్నారు. చట్రం మీద "ఈడ మొక్కండి" ప్లాస్టర్ అంచులు లేచి, దుమ్ము పట్టి, అట్లనే ఉంది.

కిటికీ పక్క మూల చూసినాను. పాప ఉంది. ఏడో తరగతికొచ్చింది. నోరు మూసుకుని ఉంది.

స్పీకరు వైరు బిగించినాక పని అయిపోయినట్టే. అయినా పోబుద్ధి కాలేదు. సారు చెప్పిన పాజ్ బటన్ గుర్తొచ్చింది. అమ్మ ఒక వరస పాడగానే వేలు పెట్టి ఆపినాను. ఆమె నోరు సగం తెరిచి అట్లనే నిలిచిపోయింది, అద్దం మీద.

గది నిశ్శబ్దమైపోయింది. నేను పైకి, ఫ్యాన్ వైపు చూసినాను. ఒకటి, రెండు, మూడు.

ముందు బెంచీ పిల్లోడు అడిగినాడు, "సార్, నెట్ పోయిందా?"

"పోలేదురా. పాడండి."

ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఆరు, ఏడు. కంటి చివర మూలన ఏదో కదిలింది. పాప నోరు తెరిచింది. చూడకూడదని తెలుసు, చూడలేదు. ఎనిమిది, తొమ్మిది. ఆటల సారు ఫోన్లోంచి తల ఎత్తినాడు. పిల్లోళ్లందరూ ఇటు తిరిగి నా మొగమే చూస్తున్నారు. చెమట పట్టింది. చలికాలంలో. నా వల్ల కాలేదు.

"ఏందిరా అందరూ నోర్లు మూసుకున్నారు, ఈరోజు టిఫినుకు బంక పెట్టినారా?" అన్నాను.

క్లాసంతా పగలబడి నవ్వింది. మూలనుండే పాప గూడా నవ్వింది. దాని గొంతు బయటికి వచ్చింది. అంత పెద్ద గొంతుందని ఆ రోజే తెలిసింది, అందరి నవ్వు మీదా దాని నవ్వే వినపడింది. నేను ప్లే నొక్కేసినాను. అమ్మ మళ్లా ఉరికింది.

సంచి సర్దుకుని నేరుగా ఆమె ఇంటికి పోయినాను. రైల్వే గేటు అవతల వీధి. అరుగు మీద కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది, పితికిపప్పు కూరకు. నన్ను చూసి, "రాప్పా, కూర్చో" అనింది, ఏమీ జరగనట్టే. వీధిలో పిల్లోళ్లు ఇద్దరు "నాన్‌స్టాప్ టీచర్" అని అరిచి పరిగెత్తినారు. ఆమె తల ఎత్తలేదు.

"ఎవరన్నా వస్తాండారా అమ్మా, ఇంటికాడ నేర్చుకునేదానికి?"

"ఎవరూ రారు. బళ్లో ఉండాది గదా." ఒక గింజ పొట్టు జారవిడిచి అడిగింది, "పాప ఉండాదా?"

"ఉండాదమ్మా. ఆ మూలనే."

"పాడతాందా?"

జరిగింది జరిగినట్టు చెప్పినాను. ఈసారి బెంగళూరు లేదు, జ్వరం లేదు. పాజ్ నొక్కింది, ఫ్యాన్ వైపు చూసింది, లెక్కపెట్టింది, అన్నీ చెప్పినాను.

"ఎంతసేపు ఆపినావు?"

"పది లెక్కపెట్టేంత."

"నోరు తెరిచిందా?"

"తెరిచిందమ్మా."

"తెరిస్తే?"

"నాకే ఉండబట్టల్యా. జోకేసినా. అందరూ నవ్వినారు. ఆ పాపా నవ్వింది, అందరికంటే గట్టిగా."

ఆమె చెయ్యి గిన్నెలో ఆగింది. చాలాసేపు ఆగింది. నేను నోరు తెరవకుండా కూర్చున్నాను, నా జన్మలో మొదటిసారి. తర్వాత ఇంకో గింజ తీసి, పితికి, నా వైపు చూడకుండా అనింది:

"మీ లెక్కల అయ్యవారు నీకెంత ఇచ్చినాడో, ఆ పాపకు నువ్వూ అంతే ఇచ్చినావు గదప్పా."